నడుము జబ్బుకు వైకల్య పింఛను రాలేదా? అప్పీలు వేసే ముందు ఈ జాగ్రత్తలు

డిస్క్ జారి, లేదా వెన్నుపూసలు అరిగి సైన్యం నుంచి బయటికి వచ్చిన జవాను వైకల్య పింఛను అడిగితే, రికార్డ్స్ ఆఫీసు (జవాన్ల సర్వీసు పత్రాలు ఉండే ఆఫీసు) నుంచి వచ్చే తిరస్కరణ ఉత్తరం సాధారణంగా ఒక్క వాక్యం మీదే నిలబడుతుంది. మీ జబ్బు సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు అంటారు. ఆ ఉత్తరం చూసిన కోపంలో చాలామంది అదే రాత్రి ‘కూర్చోలేకపోతున్నాను, బరువెత్తలేకపోతున్నాను, నిద్ర పట్టడం లేదు’ అంటూ అప్పీలు రాసేస్తారు. మీకు నొప్పి ఉందని మెడికల్ బోర్డు ఒప్పుకుంది, వైకల్యం ఎంత శాతమో కూడా వేసింది. కాదన్నది కారణాన్ని. కాబట్టి జవాబు కారణానికే ఉండాలి.

అసలు బోర్డు ఏం రాసిందో చూడకుండా కలం పట్టుకోవద్దు. సర్వీసు నుంచి పంపేముందు పరీక్షించే రిలీజ్ మెడికల్ బోర్డు నివేదిక ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 అనే ఫారంలో ఉంటుంది. మీ దగ్గర ప్రతి లేకపోతే రికార్డ్స్ ఆఫీసుకు రాయండి. ఆర్డినెన్స్ కోర్, ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్ల కోర్) వాళ్లకు ఆ ఆఫీసులు సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. ఆర్టిలరీ వాళ్లు నాసిక్‌కు రాయాలి. జవాబు రాకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మీ వైద్య పత్రాలు మీరు అడుగుతున్నారు, మొహమాటం అక్కరలేదు. బోర్డు నివేదికతో పాటు చేరిన రోజు జరిగిన వైద్య పరీక్ష పత్రం, ఆస్పత్రి డిశ్చార్జి కాగితాలు, మీ వైద్య కేటగిరీ తగ్గించిన బోర్డుల నివేదికలు, కింద పడి దెబ్బ తగిలి ఉంటే ఐఏఎఫ్‌వై-2006 గాయం రిపోర్టు కూడా అడగండి.

ఫారం చేతికి వచ్చాక మూడు చోట్ల ఆగి చదవండి: జబ్బు మొదట ఎప్పుడు, ఎక్కడ బయటపడిందని రాసిన చోటు, మీ డ్యూటీ గురించి కమాండింగ్ అధికారి నింపిన భాగం, సర్వీసుతో సంబంధం లేదనడానికి బోర్డు చూపిన కారణం. నడుము కేసుల్లో ఆ కారణం తరచు ‘పీస్ స్టేషన్‌లో (సరిహద్దుకు దూరంగా, ప్రశాంతంగా ఉండే పోస్టింగులో) మొదలైంది’ అని ఉంటుంది, లేదా వయసుతో వచ్చే అరుగుదల అని ఉంటుంది. కొన్నిసార్లు అసలు కారణమే ఉండదు. ఏమీ రాయలేదంటే అది మీ చేతికి దొరికిన పట్టు, అప్పీలులో ముందు ఆ మాటే చెప్పండి.

పీస్ స్టేషన్ వాదానికి జవాబు పోస్టింగుల పట్టికలో ఉంటుంది. ఉదాహరణకు ఒక డ్రైవరు శ్రీనగర్–లేహ్ దారిలో బరువు లారీ నడిపి, తర్వాత సికింద్రాబాద్‌కు బదిలీ అయ్యాడనుకోండి. అక్కడికి వచ్చిన కొన్ని నెలలకు డిస్క్ జారింది. బోర్డు కాగితం మీద సికింద్రాబాద్ ఒక్కటే కనబడుతుంది. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఎక్కడ ఉన్నాడు, ఏం నడిపాడు, నడుము పట్టేసి ఎంఐ రూముకు (యూనిట్ వైద్యశాలకు) ఎప్పుడు వెళ్లాడు అన్నవి పక్కపక్కన పెడితేనే లేహ్ కూడా కనబడుతుంది. ఈ ఒక్క పేజీకి పట్టిన శ్రద్ధలో సగమైనా మిగతా అప్పీలుకు పట్టదు, పట్టనక్కరలేదు కూడా.

కొత్తగా తీయించిన ఎంఆర్‌ఐ జబ్బు ఇప్పుడు ఎంత ఉందో చెబుతుంది తప్ప, అది ఎందుకు వచ్చిందో చెప్పదు. ప్రైవేటు డాక్టరు ‘ఈయన నడుము నొప్పితో బాధపడుతున్నారు’ అని రాసిచ్చే సర్టిఫికెట్‌కు పెద్ద విలువ లేదు. పాత కాగితాలు ఆయన ముందు పెట్టి, ఆ డ్యూటీకీ ఈ జబ్బుకూ సంబంధం ఉందని వైద్యపరంగా అనుకుంటున్నారో లేదో, ఎందుకో రాయమనండి.

సుప్రీంకోర్టు తీర్పులు తప్పక పేర్కొనండి. చేరినప్పుడు జబ్బు నమోదు కాకపోతే తర్వాత వచ్చినది సర్వీసు వల్లేనని భావించాలని, కాదని చూపాల్సిన భారం ప్రభుత్వానిదేనని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో చెప్పింది. అయితే అది 1982 నిబంధనల మీద వచ్చిన తీర్పు. ఆ నిబంధనలు 2008లో, మళ్లీ 2023 సెప్టెంబరు 21 నుంచి మారాయి. మీరు ఏ తేదీన బయటికి వచ్చారో దాన్నిబట్టి ఏవి వర్తిస్తాయో చూసుకోండి. పక్క ఊరి హవల్దారు గెలిచిన అప్పీలును పేరు మార్చి పంపడం ఇందుకే ప్రమాదం.

శాతం విషయం విడిగా చూడాలి. పూర్తి సర్వీసు చేసి బయటికి వచ్చినవారికి కనీసం 20 శాతం ఉండాలి. బోర్డు 15 వేసి ఉంటే కారణంతో పాటు శాతాన్నీ సవాలు చేయకపోతే గెలిచినా చేతికి ఏమీ రాదు. 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో వచ్చిన తీర్పుతో, రిటైరైనవారికి కూడా 20 నుంచి 49 వరకు ఉన్నదాన్ని 50గా, 50 నుంచి 75 వరకు ఉన్నదాన్ని 75గా, ఆపైన 100గా లెక్కించే వెసులుబాటు దక్కింది. నూరు శాతం వైకల్యానికి లెక్కలోకి వచ్చే చివరి జీతంలో 30 శాతం ఇస్తారు. అంటే 20 శాతం వైకల్యం 50గా మారితే జీతంలో 15 శాతం. ఈ వెసులుబాటును మీ అప్పీలులో పేరుపెట్టి అడగండి.

గడువులు: తిరస్కరణ అందిన ఆరు నెలల్లో మొదటి అప్పీలు, దాని మీద నిర్ణయం వచ్చిన ఆరు నెలల్లో రెండోది. ఉత్తరం వచ్చిన కవరు పారేయకండి, పోస్టాఫీసు ముద్రే తేదీకి సాక్ష్యం. అప్పీలును స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఆరు నెలలు దాటినా జవాబు రాకపోతే సాయుధ దళాల ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు చెన్నై బెంచి. ఏళ్ల తరబడి ఊరుకున్నవారికీ పింఛను నెలనెలా వచ్చే హక్కు కాబట్టి దారి పూర్తిగా మూసుకుపోదు, కానీ తర్సేమ్ సింగ్ తీర్పు ప్రకారం బకాయిలు సాధారణంగా కేసు వేయడానికి ముందు మూడేళ్లకే ఇస్తారు. ఆలస్యం చేసిన ప్రతి సంవత్సరం మీ జేబులోంచే పోతుంది.

అప్పీలు మీద మళ్లీ వైద్య పరీక్షకు పిలిస్తే ఎక్స్‌రే, ఎంఆర్‌ఐ ఫిల్ములు కూడా తీసుకెళ్లండి, రిపోర్టులు మాత్రమే చాలవు. ముందుకు వంగమంటారు. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తి సలుపు ఎక్కడ మొదలవుతుందో చూస్తారు. ‘బాగానే ఉంది సార్’ అనడం బ్యారక్‌లో అలవాటైన మాట, అక్కడ అనకండి. అలాగని నటించకండి, రోజూ నడుములు చూసే డాక్టర్లకు అది ఇట్టే తెలిసిపోతుంది.

వచ్చే బకాయిల్లో వాటా అడిగే వకీలు దగ్గరికి వెళ్లొద్దు. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం అలా అడగడమే తప్పు. స్పర్శ్ (రక్షణ పింఛన్ల ఆన్‌లైన్ పోర్టల్) పాస్‌వర్డు, ఓటీపీ అడిగే మధ్యవర్తులకు అసలే దూరంగా ఉండండి. ముసాయిదా రాయడానికి సాయం కావాలంటే మొదట జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

అనుకూలంగా ఆర్డరు వచ్చాక స్పర్శ్‌లో కొత్త పీపీఓ (పింఛను చెల్లింపు ఆర్డరు) తెరిచి, వైకల్య భాగం కింద 50 అని ఉందో 20 అనే ఉందో, ఏ తేదీ నుంచి లెక్కించారో చూడండి. తేడా ఉంటే ఆర్డరు ప్రతి జతచేసి వెంటనే రికార్డ్స్ ఆఫీసుకు రాయండి.