అమెరికాలో తొలి కూరగాయల తోట: ముందు రెండు తేదీలు కనుక్కోండి

అమెరికా వచ్చిన మొదటి ఏడాదే పెరట్లో కూరగాయలు వేసుకోవాలనుకుంటే ముందు కనుక్కోవలసినవి రెండు తేదీలు. వసంతంలో చివరి ఫ్రాస్ట్ (నీరు గడ్డకట్టేంత చలి) ఎప్పుడు పడుతుంది, చలికాలం ముందు మొదటి ఫ్రాస్ట్ ఎప్పుడు వస్తుంది? బెండ, వంగ, మిరప, టమాటా, బీర, సొర అన్నీ ఈ మధ్యలోనే పెరిగి కాయాలి. 32 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పడిపోయిన ఒక్క రాత్రి చాలు, లేత మొక్కలు నల్లబడి చచ్చిపోవడానికి. జిప్ కోడ్‌తో వెతికితే తేదీలు దొరుకుతాయి. మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు (స్థానికంగా సాగు సలహాలిచ్చే కార్యాలయం) ఇచ్చే నాట్ల క్యాలెండర్ ఉంటే ఇంకా నమ్మకం.

అయితే ఆ తేదీ సగటు లెక్క. చాలాచోట్ల 50 శాతం అవకాశాన్ని బట్టి చెబుతారు, అంటే రెండేళ్లలో ఒక ఏడాది ఆ తర్వాత కూడా ఫ్రాస్ట్ పడవచ్చు. అందుకే వంగ, మిరప నారు బయట నాటడానికి ఇంకో రెండు వారాలు ఆగమంటాను. నాలుగు రోజులు ఎండ కాసినా నేల చల్లగానే ఉంటుంది. బెండ గింజకు నేల కనీసం 65 డిగ్రీలు వేడెక్కాలి, లేకపోతే మొలవకుండా కుళ్లిపోతుంది. పాలకూర, మెంతి, కొత్తిమీరలకు ఈ టెన్షన్ లేదు. చివరి ఫ్రాస్ట్‌కు మూడు నాలుగు వారాల ముందే చల్లేయొచ్చు.

ఉత్తరాది రాష్ట్రాల్లో ఉంటే టమాటా నారు చివరి ఫ్రాస్ట్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు, వంగ, మిరప ఇంకాస్త ముందు ఇంట్లోనే పోసుకోవాలి. నాటే ముందు వారం రోజులు రోజూ కాసేపు బయట పెట్టి ఎండకు, గాలికి అలవాటు చేయండి. టెక్సాస్, ఆరిజోనా సంగతి వేరు. అక్కడ రాత్రి కూడా 75 డిగ్రీలు దాటితే టమాటా పూత రాలిపోతుంది కాబట్టి ఫ్రాస్ట్ భయం తీరగానే నాటేయాలి.

యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) ప్రతి ప్రాంతానికి ఇచ్చే జోన్ నంబరు ఒక్కటే చూసుకుని ఆగిపోకండి. అది ఏటా చలికాలంలో నమోదయ్యే అత్యల్ప ఉష్ణోగ్రతల సగటును బట్టి ఇచ్చేది. మల్లె చెట్టు బయట చలిని తట్టుకుంటుందా అంటే చెబుతుంది కానీ బెండ కాస్తుందా అంటే చెప్పదు. సియాటిల్, ఆస్టిన్ జోన్లు దాదాపు ఒకటే, ఎండాకాలాలు మాత్రం ఎక్కడా పోలవు.

మనవాళ్లు ఎక్కువగా నిరాశపడేది చిక్కుడు దగ్గర. చాలా రకాలు పగటి పొద్దు తగ్గితేనే పూస్తాయి. ఉత్తరాన తీగ పందిరంతా అల్లుకుని, పూత మొదలయ్యేసరికి ఫ్రాస్ట్ వచ్చేస్తుంది. పొద్దుతో పనిలేకుండా కాసే రకం గింజలే అడిగి కొనండి. గోంగూరదీ అదే స్వభావం, కానీ మనకు కావలసింది ఆకే కనుక పూత ఆలస్యమైతే మంచిదే.

గింజలు ఇండియా నుంచి తెచ్చుకోవాలంటే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (గింజల్లో తెగుళ్లు, పురుగులు లేవని అక్కడి ప్రభుత్వం ఇచ్చే ధ్రువపత్రం) కావాలి, కస్టమ్స్ దగ్గర చెప్పాలి. ఇక్కడ అమ్మేవి కొనుక్కోవడమే సులువు. సిట్రస్ తెగులు మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది కాబట్టి, ఆ మొక్కను వేరే రాష్ట్రం నుంచి తెప్పించే ముందు మీ రాష్ట్ర వ్యవసాయ శాఖ నిబంధనలు చూసుకోండి.