వంటగట్టు రాయి కోయించే ముందు పొయ్యి ఇంటికి రావాలి

గత నెల హైదరాబాదు నిజాంపేటలో మా బంధువుల కొత్త ఫ్లాటులో, గృహప్రవేశానికి రెండు రోజుల ముందు వంటగట్టు విరిగింది. గట్టు మొత్తం కాదు. హాబ్ (గట్టులోకి దించి బిగించే పొయ్యి) కోసం కోసిన రంధ్రానికి ముందువైపు మిగిలిన సన్నని బద్ద, చిమ్నీ బిగించడానికి వచ్చిన కుర్రాడు దాని మీద కాలు మోపగానే రెండు ముక్కలై జారిపోయింది. కిలో పైచిలుకు ఉన్న ముక్క పాదం మీద పడి అతని కాలి వేళ్లు రెండు చితికాయి. ముహూర్తం నాడు ఆ ఇంటావిడ నేల మీద పీట వేసుకుని, పక్కింటివారి స్టౌ మీద పాలు పొంగించింది.

నేను ఆ విరిగిన ముక్కను చేతిలోకి తీసుకుని చూశాను. రంధ్రం మూలలో బ్లేడు అవసరానికి మించి అర అంగుళం దూసుకుపోయిన గాటు ఉంది, పగులు సరిగ్గా అక్కడే మొదలైంది. ఆ గాటు ఎందుకు పడిందో కూడా తెలిసింది. యార్డులో రాయి కోసేనాటికి వీరు హాబ్ కొనలేదు. దుకాణంలో ఎవరో ఫోనులో చెప్పిన కొలత కాగితం మీద రాసి ఇచ్చారు. తీరా హాబ్ వచ్చాక అది రంధ్రంలో దిగలేదు. అప్పటికే బిగించి ఉన్న రాయిని మేస్త్రీ వంటింట్లోనే, పొడి గ్రైండరుతో, ముందువైపు ఒక అంగుళం పెంచాడు. రెండున్నర అంగుళాలు ఉండవలసిన బద్ద ఒకటిన్నరకు తగ్గింది.

పద్దెనిమిదేళ్లుగా ఈ ఊళ్లో ఇళ్ల లోపలి పనులు చేయిస్తున్నాను. రాయి రంగు నచ్చక బాధపడ్డవారిని కొందరినే చూశాను. హాబ్, సింక్ ఇంటికి రాకముందే రాయి కోయించి నష్టపోయినవారికి మాత్రం లెక్క లేదు. మాఘమాసపు ముహూర్తాలు దగ్గరపడే కొద్దీ ఈ తొందర ఇంకా పెరుగుతుంది. అందుకే మంచి దుకాణం చూసుకోండి, నాలుగు చోట్ల ధర అడగండి వంటి మాటలు వదిలిపెట్టి, ఈ ఒక్క విషయం దగ్గర కాసేపు ఆగుతాను.

మన గట్టు వెడల్పు మామూలుగా ఇరవై నాలుగు అంగుళాలు. హాబ్ రంధ్రం ముందు నుంచి వెనక్కి దాదాపు పంతొమ్మిది అంగుళాలు ఉంటే ముందూ వెనకా కలిపి మిగిలేది ఐదు అంగుళాలే. పైకి ఒకే సైజు కనిపించే రెండు కంపెనీల హాబ్‌లకు కింది రంధ్రం కొలత ఒకటిగా ఉండదు; పై గాజు 60 సెంటీమీటర్లని చెబితే అది గాజు కొలత, రంధ్రానిది కాదు. అసలు కొలత పెట్టెలోని పుస్తకంలో ఉంటుంది, కొన్నిటికి అట్ట మూసో కాగితపు మూసో కూడా వస్తుంది. కాబట్టి హాబ్ పెట్టె, సింక్ పెట్టె రెండూ మేస్త్రీ ముందు తెరిచి, వస్తువు కింది భాగాన్ని, పుస్తకంలోని కొలతను సరిచూసుకుని రాయి మీద గీత గీయించండి. మూలల్లో ముందు గుండ్రటి రంధ్రాలు వేసి, వాటిని కలుపుతూ కోయమని చెప్పండి. చదరపు మూలలో బరువు ఒత్తిడంతా ఒకే బిందువు మీద పడుతుంది, గుండ్రని మూలలో అది పంచుకుపోతుంది. మేస్త్రీలకు ఈ సంగతి తెలియక కాదు, రంధ్రాలకు వేరే బిట్టు పెట్టాలి గనుక బద్ధకిస్తారు.

ఇంట్లో పొడిగా కోయడంలో ఇంకొక ప్రమాదం ఉంది. క్వార్ట్జ్ పేరుతో అమ్మే తయారీ రాయిలో దాదాపు తొంభై శాతం సిలికా. గ్రానైట్‌లో అంత లేకపోయినా చెప్పుకోదగినంత ఉంటుంది. ఆ సన్నని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు. ఈ జబ్బు కారణంగానే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి తయారీ రాయిని నిషేధించింది. మన దగ్గర మాత్రం కుర్రాళ్లు ముక్కుకు తువ్వాలు చుట్టుకుని వంటింట్లో కూర్చుని కోస్తున్నారు. కోత యార్డులోనే, నీళ్లు పోస్తూ జరగాలి. అలా జరగాలంటే కొలత ముందే ఖచ్చితంగా ఉండాలి, అంటే హాబ్ ముందే ఇంట్లో ఉండాలి.

రాయి ఎంపిక

చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గానీ, కరీంనగర్ వైపు నుంచి వచ్చే టాన్ బ్రౌన్ గానీ, మన వంటకు గ్రానైట్ వంటిది మరొకటి లేదని నా అభిప్రాయం. వేడి నూనె మూకుడు తెచ్చి పెట్టినా అది సాధారణంగా ఓర్చుకుంటుంది. క్వార్ట్జ్ చూడముచ్చటగా ఉంటుంది, మరకలు అంతగా పట్టదు, కానీ దాన్ని అతికించి ఉంచేది రెసిన్. నూట యాభై డిగ్రీల దగ్గర అది పాడవడం మొదలవుతుంది, తాలింపు మూకుడు కిందనే గుండ్రంగా పసుపుపచ్చ మచ్చ పడుతుంది. క్వార్ట్జే కావాలనుకుంటే కుదురు లేకుండా గిన్నె దించకూడదన్న నియమం ఇంటిల్లిపాదికీ, ముఖ్యంగా పండక్కి వచ్చే చుట్టాలకూ చెప్పగలిగి ఉండాలి. పాలరాయి, ఆనిక్స్ వంటగట్టుకు వద్దు. చింతపండు పులుసు, నిమ్మరసం వాటి మెరుపును తినేస్తాయి. అది తుడిస్తే పోయే మరక కాదు, రాయి కరిగిపోయిన గుర్తు. మన తాండూరు, కడప రాళ్లు కూడా సున్నపురాళ్లే గనుక కింద అరలకూ నిలువు పలకలకూ వాడుకోవచ్చు గానీ పైన వద్దు.

యార్డుకు వెళ్లేటప్పుడు ఒక నిమ్మకాయ, నీళ్ల సీసా, తెల్ల గుడ్డ, గోళ్లరంగు తుడిచే అసిటోన్ తీసుకెళ్లండి. రాయి మీద నిమ్మచుక్క వేసి పది నిమిషాలు ఆగండి, మెరుపు తగ్గితే ఆ రాయి వద్దు. నీళ్లు పోసిన చోట రంగు ముదిరితే అది పీల్చే రాయి, పీల్చకుండా పూసే సీలరు తప్పదు. నల్లరాయిని అసిటోన్ గుడ్డతో రుద్దితే గుడ్డ నల్లబడకూడదు. నల్లబడితే అది రంగు పూసిన రాయి.

మెరుగు, తలుపులు

నల్లటి అద్దపు పాలిష్ మీద బోరు నీళ్ల తెల్ల చారలు పగలంతా కనిపిస్తాయి. బోరు మీదే ఆధారపడే కాలనీల వారు మచ్చలున్న బూడిద రంగో గోధుమ రంగో తీసుకోవడం మేలు. తోలులా గరుకుగా ఉండే లెదర్ ఫినిష్ చేతికి బాగుంటుంది, కానీ గట్టు మీదే చపాతీ ఒత్తే ఇంట్లో గుంతల్లో పిండి ఇరుక్కుంటుంది. కింద అల్మరాలకు ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న, నీళ్లకు ఓర్చే మెరైన్ ప్లైవుడ్ తప్ప మరేదీ ఒప్పుకోకండి. ముద్ర ఎవరైనా కొట్టుకోవచ్చు గనుక ఒక ముక్కను మూడు నాలుగు గంటలు నీళ్లలో మరిగించి చూడండి, పొరలు విడిపోకూడదు. సింకు కింద పార్టికల్ బోర్డు వాడిన ఇల్లు రెండో వర్షాకాలానికి పప్పులో నానిన అప్పడంలా ఉంటుంది.

ఇక మిగిలినవి గుర్తుకొచ్చిన వరుసలో రాస్తున్నాను.

హాబ్ రంధ్రానికి రెండు పక్కలా నిలువు ఆధారం, ముందు బద్ద కింద ఇనుప యాంగిల్ ఉండాలి.

ఎల్ ఆకారపు గట్టును ఒకే రాయిలో కోయించవద్దు, లోపలి మూల పగులుతుంది. రెండు ముక్కలుగా కోయించి అతుకు వేయించండి, ఆ అతుకు హాబ్‌కూ సింకుకూ కనీసం జానెడు దూరంలో ఉండాలి.

నచ్చిన పలక మీద రెండు చివరలా సంతకం చేసి ఫొటో తీసుకోండి. ఇంటికి వచ్చే రాయి అదేనా అని దించకముందే చూసుకోండి.

ఇరవై మిల్లీమీటర్ల గ్రానైట్ చదరపు అడుగుకు ఐదు కిలోల దాకా తూగుతుంది. పది అడుగుల గట్టు ఒక క్వింటాలు. లిఫ్టులోకి ఏటవాలుగా పట్టించే ప్రయత్నం చేయనివ్వకండి. మెట్ల మీదుగా ఎక్కించేటప్పుడు పలకను నిలువుగా పట్టుకోవాలి, పిల్లలను ఇంట్లో ఉంచవద్దు.

అంచు కింద నీటి గాడి తీయించండి. అది లేకపోతే గట్టు తుడిచిన నీళ్లన్నీ తలుపుల మీదికి దిగుతాయి.

గట్టు ఎత్తును నేల టైల్స్ వేశాక కొలవండి, ముందు కాదు. వంట చేసే మనిషిని నిలబెట్టి, మోచేతికి నాలుగైదు అంగుళాల కిందకు గుర్తు పెట్టండి.

సిలిండరు అల్మరాలో పెడితే ఆ తలుపుకు కింది భాగంలో గాలి రంధ్రాలు ఉండాలి, ఎందుకంటే వంటగ్యాసు గాలికంటే బరువైనది, కారితే నేలబారునే నిలుస్తుంది.

గట్టు మీద ఎవరూ ఎక్కకూడదు. చిమ్నీవాడికి నిచ్చెన మీరే ఇవ్వండి.

పగిలిన బద్దను జిగురుతో అతికిస్తామంటే ఒప్పుకోకండి. మంట పక్కన ఆ అతుకు నిలవదు.

కొలత ఫోనులో చెప్పవద్దు. కాగితం మీద రాసి పంపవద్దు. హాబ్ ఇంకా రాలేదా? కోత ఆపండి. మేస్త్రీ తిరిగి రానంటాడు, కూలి దండగంటాడు. ఒక రోజు కూలి ఇచ్చి పంపించండి. ముహూర్తం ముంచుకొస్తే రంధ్రం లేని పలకనే పరిచి, దాని మీద మామూలు స్టౌ పెట్టి పాలు పొంగించుకోండి. హాబ్ వచ్చాక ఆ ముక్కను విప్పి యార్డుకు పంపి కోయించుకోవచ్చు, పరిచేటప్పుడే దాన్ని సిమెంటుతో కాకుండా సిలికాన్‌తో చుక్కలు పెట్టి ఉంచమని మేస్త్రీకి ముందే చెప్పండి.