సొంత చేలో చెట్టు కొట్టాలన్నా అనుమతి ఉండాల్సిందే: మహారాష్ట్రలోని సిరొంచా, రాజురా, కిన్వట్ రైతులకు

పట్టా భూమిలో చెట్టుకు ఎవర్ని అడగాలి అంటారు మన వైపు. అడగాల్సిందే. ఎవర్నన్నది చెట్టు జాతి, అది ఉన్న చోటు, చేను ఎవరిదన్న దాన్నిబట్టి ఉంటుంది.

పల్లెల్లో 1964 నాటి మహారాష్ట్ర చెట్ల నరికివేత నియంత్రణ చట్టం వర్తిస్తుంది. అనుమతి కావాల్సిన చెట్ల జాబితాలో టేకు, ఇప్ప, చింత, మామిడి, పనస, నేరేడు, చండ్ర, కరక, నల్లమద్ది, పెద్దేగి, మంచిగంధం ఉన్నాయి. టేకు సంగతి అందరికీ తెలుసు. గట్టు మీది చింతకూ, ఇప్పకూ అనుమతి కావాలన్నదే చాలామందికి తెలియదు.

దరఖాస్తు అటవీ రేంజ్ ఆఫీసులో ఇవ్వాలి. కొత్తగా తీసిన సాత్-బారా (7/12 భూమి రికార్డు), ఎనిమిది-అ (ఖాతా పత్రం), చేను నక్షా, ఉమ్మడి ఖాతా అయితే వాటాదారులందరి సంతకాలతో సమ్మతి పత్రం జతచేయండి. చెట్లకు రంగుతో నంబర్లు వేసి, జాతి, చుట్టుకొలత పట్టిక రాయండి. చుట్టుకొలత నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో తీయాలి. వాలు నేలలో పైవైపు నుంచి ఎత్తు చూడాలి. మొదలు దగ్గర కొలిస్తే అంకె పెరుగుతుంది, పంచనామాలో తేడా వస్తుంది.

సాత్-బారాలో వర్గ-2 (ప్రభుత్వ షరతులున్న భూమి) అని ఉంటే చెట్టు మీద హక్కు ఎవరిదో ముందు తహసీల్లో తేల్చుకోండి. చేను అడవిని ఆనుకుని ఉంటే మోజణీ (భూమి సర్వే కొలత) లేకుండా ఫైలు కదలదు. దరఖాస్తు పెట్టాక కాదు, పెట్టకముందే భూమి అభిలేఖ (భూ రికార్డుల) ఆఫీసులో మోజణీ రుసుము కట్టడం మేలు. ఆదివాసీ రైతుల చెట్ల అమ్మకానికి 1969 చట్టం వేరే ఉంది, కలెక్టరు అనుమతి తప్పనిసరి. బయానా ఇచ్చి తెల్లకాగితం మీద వేలిముద్ర అడిగే వ్యాపారిని గడప ఎక్కనీయకండి.

బల్లార్పూర్, రాజురా, కిన్వట్, ధర్మాబాద్ పట్టణాల్లో 1975 నాటి పట్టణ చెట్ల రక్షణ చట్టం ప్రకారం నగర పరిషత్తు వృక్ష అధికారిని అడగాలి. నోటీసు చెట్టుకే అంటిస్తారు. అనుమతి వచ్చినా 15 రోజులు ఆగాలి. కాల్చడం, చెట్టును దెబ్బతీయడం కూడా నరికినట్టే లెక్క, కాబట్టి చెట్టు మొదలు దగ్గర నిప్పు పెట్టి ఎండిపోయిందనడం కుదరదు. 50 ఏళ్లు దాటితే వారసత్వ వృక్షం కింద లెక్క, అనుమతి మరింత కష్టం.

పక్షి గూడు, గుడ్లు ఉంటే కొమ్మ కూడా ముట్టొద్దు. 1972 వన్యప్రాణి చట్టంలో అది వేటతో సమానం.

నరికే అనుమతి వేరు, తరలించే పర్వానా వేరు. దుంగల మీద హామర్ గుర్తు (అటవీ శాఖ సుత్తితో వేసే ముద్ర) పడకముందు ట్రాక్టరుకు ఎత్తొద్దు. ప్రాణహిత దాటించి తెలంగాణకు పంపాలంటే పర్వానాలో చేరే ఊరు, బండి నంబరు, గడువు తేదీ సరిగ్గా ఉన్నాయో చూసుకోండి. తనిఖీ అయ్యేదాకా మోడు పెకలించకండి, దుంగను సరిపోల్చేది దాంతోనే.