ఫాగ్ లైట్లు మీరే బిగించుకోవచ్చు, కానీ కొనే ముందు ఎలక్ట్రీషియన్‌ని అడగండి

మా పాత కారు బంపర్‌లో ఫాగ్ లైట్లకి చోటుంది, లైట్లు లేవు. డిసెంబర్‌లో అరకు వెళ్తుంటే శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్‌లో మంచుకి రోడ్డు కనపడదు. అందుకని మొదటిసారి నేనే బిగించేశాను. హెడ్‌లైట్ వైరు కోసి, అందులోంచి కరెంటు తీసుకుని, పైన నల్ల టేపు చుట్టాను. చక్కగా వెలిగాయి. నెలన్నర తర్వాత ఘాట్ ఎక్కుతుంటే ప్లాస్టిక్ కాలిన వాసన. వెనక సీట్లో అమ్మ, ఇద్దరు పిల్లలు. బండి ఆపి చూస్తే స్టీరింగ్ పక్కనున్న లైట్ల స్విచ్ ముట్టుకోలేనంత వేడి.

మా విశాఖలో, కంచరపాలెంలో ఒక ఎలక్ట్రీషియన్ బాబాయి ఆ టేపు విప్పి చూపించాడు. లోపల రాగి తీగ పచ్చగా చిలుం పట్టేసింది. "సముద్రం గాలి బాబూ, టేపుకి ఆగదు" అన్నాడు. 55 వాట్ల బల్బులు రెండు, మొత్తం 110. 12 వోల్టులతో భాగిస్తే 9 ఆంపియర్లు దాటింది. హెడ్‌లైట్లు మోస్తున్న స్విచ్ మీదే ఆ బరువూ పెట్టాను.

రెండోసారి కూడా నా చేత్తోనే బిగించాను, కాకపోతే ఆయన్ని అడిగి.

ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేయండి. అన్నీ అయ్యాక చివర్న పెట్టేదీ అదే. నాలుగు పిన్నుల రిలే ఒకటి కొనండి. చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్ అది, లైట్ల బరువు మీ స్విచ్ మీద పడదు. పిన్నుల పక్కన నంబర్లుంటాయి: 30కి బ్యాటరీ పాజిటివ్, 87 నుంచి లైట్లకి, 86కి స్విచ్ వైరు, 85 ఎర్త్‌కి, అంటే బండి రేకుకి. బ్యాటరీకీ 30కీ మధ్య 15 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి, అదీ బ్యాటరీకి జానెడు దూరంలోపే. ఫ్యూజుకి ముందున్న వైరు ఎక్కడైనా రేకుకి ఒరుసుకుంటే ఇక దాన్ని కాపాడేదేమీ ఉండదు. లైట్ల వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది తీసుకోండి. స్విచ్‌కి కరెంటు పార్కింగ్ లైట్ల ఫ్యూజు దగ్గర ఫ్యూజ్ ట్యాప్ (ఫ్యూజు చోట గుచ్చి ఇంకో వైరు తీసుకునే ముక్క) పెట్టి తీసుకోండి. కంపెనీ వైరు ఒక్కటీ కోయక్కర్లేదు. రేపు వద్దనుకుంటే అన్నీ విప్పేయొచ్చు.

మన ఊళ్లో అసలు పనంతా జాయింట్ల దగ్గరే. క్రింప్ చేసి (లోహపు తొడుగులో వైరు పెట్టి ప్లయర్‌తో నొక్కి), లోపల జిగురుండే హీట్ ష్రింక్ ట్యూబు, అంటే వేడికి ముడుచుకునే గొట్టం, తొడిగి వేడిచేయండి. ఎర్త్ బోల్టు కింద పెయింటు గీకి, రేకు మెరిశాక బిగించి, పైన వ్యాజిలైన్ రాయండి. గోడ ముందు బండి పెట్టి, వెలుగు పై అంచు లైటు ఎత్తుకన్నా కిందే పడేలా తిప్పండి. ఇరవై నిమిషాలు వెలిగించి వైర్లన్నీ తడిమి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి కాలితే తప్పు ఉన్నట్టే.

బ్రేకులు, స్టీరింగ్, స్ప్రింగులు, ఎయిర్‌బ్యాగుల జోలికి మాత్రం ఇంట్లో వెళ్లొద్దు. సీటు కవరు కూడా చిన్న విషయం కాదు. సీటు పక్కన ఎయిర్‌బ్యాగు ఉంటే, అక్కడ విచ్చుకోని కవరు దాన్ని అడ్డుకుంటుంది. ముందు బిగించే ఇనుప గార్డులు 2017 డిసెంబర్ నుంచే నిషేధం. కంపెనీ ఇచ్చిన రూపాన్ని అనుమతి లేకుండా మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా పడొచ్చు, జైలూ ఉంది. రంగు మార్చాలన్నా ముందు ఆర్టీఓ అనుమతి కావాలి.

ఎలక్ట్రీషియన్ దగ్గరికి పొద్దున్నే వెళ్లకండి, అప్పుడు షాపు నిండా బళ్లుంటాయి. భోజనాలయ్యాక, బానెట్ లోపలి ఫోటో, కొనాలనుకున్న బల్బు పేరు పట్టుకెళ్లండి. "కరెంటు ఎక్కడ తీస్తావు బాబాయ్, ఎర్త్ ఎక్కడ కొడతావు" అని అడగండి. వద్దన్నా ఎంతో కొంత చేతిలో పెట్టండి. బిగించాక, ఘాట్ ఎక్కే ముందు, బండి ఒకసారి ఆయనకి చూపించండి.