వీలునామా మీద సంతకాలు: ఎవరు, ఎవరి ఎదుట చేయాలి

పరకాల దగ్గరి పల్లెలో మా మేనత్త ఇంటి అరుగు మీద కూర్చుని వీలునామా మీద వేలిముద్ర వేసిన రోజు రెండో సాక్షి పొలం నుంచి రాలేదు. మరునాడు కాగితాన్ని అతని ఇంటికే పంపి సంతకం చేయించుకొచ్చారు. ఆమె పోయాక కోర్టులో అతడు, తాను సంతకం పెట్టినప్పుడు ఆమె ఎదుట లేదని ఉన్నమాటే చెప్పాడు. వీలునామా నిలవలేదు.

ముస్లింల వసీయత్‌కు (వీలునామాకు) వారి ధర్మశాస్త్రమే వర్తిస్తుంది. మిగిలిన వారికి మాత్రం సాధారణంగా 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రమాణం. దాని ప్రకారం వీలునామా రాసే వ్యక్తి, అంటే ఆస్తి ఇచ్చే వ్యక్తి, స్వయంగా సంతకం గాని నిశాని (వేలిముద్ర) గాని పెట్టాలి, లేదా తన ఎదుట, తన ఆదేశం మేరకు మరొకరి చేత పెట్టించాలి. కనీసం ఇద్దరు సాక్షులు ఆ సంతకాన్ని కళ్లారా చూసి ఉండాలి, లేకుంటే "ఈ సంతకం నాదే" అని ఆ వ్యక్తి నోట విని ఉండాలి. ఆపైన ప్రతి సాక్షీ ఆ వ్యక్తి ఎదుటే సంతకం చేయాలి. ఇద్దరూ ఒకేసారి అక్కడ ఉండనక్కరలేదు గాని, ఒకేచోట కూర్చోబెట్టి పూర్తి చేయించడమే క్షేమమని నా అభిప్రాయం.

నిశాని వేయించేటప్పుడు ముందుగా వీలునామా మొత్తం చదివి వినిపించి, ఆ సంగతి అందులోనే రాయాలి. సిరా పలచగా అద్దితే గీతలు స్పష్టంగా పడతాయి. ముద్ర పక్కన అది ఎవరి ఏ చేతి బొటనవేలిదో రాయాలి. కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉంటే వాటి పక్కన ఆస్తి ఇచ్చేవారూ సాక్షులూ పొడి సంతకాలు పెట్టాలి.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు సుంకమూ లేదు. హనుమకొండలోనో నర్సంపేటలోనో సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో చేయిస్తే మంచిదే గాని, అంతమాత్రాన సాక్షుల లోపం మాసిపోదు.

వీలునామాను రుజువు చేయాల్సి వచ్చినప్పుడు, బతికి ఉన్న సాక్షుల్లో ఒక్కరైనా కోర్టుకు వచ్చి చెప్పాలి. అందుకే తోటి వృద్ధులను గాక వయసులో చిన్నవారిని, ఆస్తిలో వాటా లేనివారిని ఎంచుకోండి. వారి తండ్రి పేరు, ఊరు, ఇంటి నంబరు సంతకం కిందే రాయించండి.