గార్ఫీల్డ్ గురించి చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

జేమ్స్ గార్ఫీల్డ్ అమెరికా 20వ ప్రెసిడెంట్. ఈయన కథ ఎవరు చెప్పినా ఈయన ప్రాణం తీసిన కాల్పులతోనే ఎత్తుకుంటారు, మీరు మాత్రం దయచేసి అక్కడ మొదలెట్టకండి. పదవిలో ఉన్నది 1881 మార్చి 4 నుంచి సెప్టెంబర్ 19 దాకానే, అందులోనూ చివరి రెండున్నర నెలలు మంచం మీదే, ఆ కాస్త చూసి మనిషిని అంచనా వేస్తే చాలా అన్యాయం.

ముందు ఈయన పుట్టిపెరిగిన ఒహాయో రాష్ట్రంలోని రోజులు చదవండి. 1831లో లాగ్ క్యాబిన్‌లో, అంటే దుంగలతో కట్టిన చిన్న ఇంట్లో పుట్టాడు, రెండేళ్లు నిండకముందే నాన్న పోయాడు, అమ్మే పెంచింది. కొన్నాళ్లు కాలువ పడవల మీద పనిచేసి, తర్వాత హైరం స్కూల్లో గదులు ఊడుస్తూ చదువుకుని, చివరికి అదే స్కూల్‌కి హెడ్ అయ్యాడు. నాకు ఈయన మీద ఇష్టం ఇక్కడే మొదలైంది.

తర్వాత ఒక పేపరు, పెన్సిల్ తీసుకోండి. అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌లో సభ్యుడిగా ఉండగా ఈయన పైథాగరస్ సిద్ధాంతానికి ఇచ్చిన ప్రూఫ్ 1876లో అచ్చయింది, అది మీ చేత్తో మీరే వేసి చూడాలి. ఏ, బీ, సీ భుజాలున్న (సీ అంటే కర్ణం) ఒకేరకం లంబకోణ త్రిభుజాలు రెండు, ఒకదాని ఏ పక్కనే రెండోదాని బీ ఒకే గీత మీద వచ్చేలా గీసి, పైన రెండు కొనల్నీ కలపండి, ట్రెపీజియం వస్తుంది. మధ్యలో మిగిలిన త్రిభుజంలో సీ, సీ భుజాల మధ్య 90 డిగ్రీలు ఉంటుంది. మొత్తం వైశాల్యం ఒకసారి, మూడు ముక్కలది విడిగా ఒకసారి లెక్కేసి సమానం పెడితే అయిపోయింది, ఎంత అందంగా ఉంటుందో!

అమెరికా సివిల్ వార్‌కి ఒక పూట చాలు, ఈయన పాల్గొన్న మిడిల్ క్రీక్, చికమాగా యుద్ధాలు చూడండి. రిపబ్లికన్ పార్టీ ప్రెసిడెంట్ క్యాండిడేట్‌ని ఎంచుకున్న 1880 చికాగో కన్వెన్షన్ మాత్రం నిదానంగా చదవాలి, ఎందుకంటే అక్కడికి జాన్ షెర్మన్ పేరు ప్రతిపాదించడానికి వెళ్లిన మనిషిని 36వ బ్యాలెట్‌లో, అంటే 36వ విడత ఓటింగ్‌లో, ఆ పార్టీ వాళ్లే క్యాండిడేట్‌గా ఎన్నుకున్నారు.

కాల్పులు ఆఖర్న పెట్టుకోండి. జూలై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్లో ఛార్లెస్ గిటో కాల్చాడు, తర్వాత డాక్టర్లు శుభ్రం చేయని వేళ్లతో, పరికరాలతో గాయం కెలికారు, ఆ ఇన్‌ఫెక్షన్ వల్లే ప్రాణం పోయిందని ఇప్పుడు చాలామంది అంటారు. గిటో ప్రభుత్వ ఉద్యోగం ఆశించి దక్కనివాడు కాబట్టి వెంటనే 1883 పెండిల్టన్ చట్టం చదవండి, ఫెడరల్ ఉద్యోగాల్లో కొన్నిటికి సిఫార్సు బదులు పరీక్ష పెట్టింది అదే.