నలుగురు మిత్రులు, ఒక కారు: డాలస్ నుంచి న్యూ మెక్సికోకు తక్కువ ఖర్చుతో స్ప్రింగ్ బ్రేక్ యాత్ర ఎలా చేయాలి?

మార్చిలో వచ్చే స్ప్రింగ్ బ్రేక్‌కు విమానం టికెట్లు కొనే స్తోమత లేక, అలాగని వారమంతా గదిలో కూర్చోవడానికి మనసొప్పక తర్జనభర్జన పడే తెలుగు విద్యార్థులు టెక్సాస్‌లో ఎందరో ఉన్నారు. అలాంటివారికి డాలస్ నుంచి కార్ల్స్‌బాడ్ గుహలు, వైట్ శాండ్స్ ఇసుక దిబ్బలు చూసి తిరిగి వచ్చే 5 రోజుల యాత్ర చక్కగా సరిపోతుంది. తక్కువ ఖర్చులో తిరిగి రావడం అంటే తిండి, నిద్ర మానుకోవడం కాదు. ఎక్కడికి వెళ్ళాలి, ఏ రోజు బయలుదేరాలి అన్న రెండు విషయాలు ముందుగా సరిగా తేల్చుకుంటే సగం డబ్బు అక్కడే మిగులుతుంది.

1. మొదట లెక్క, తరువాతే ఊరు

అందరూ కూర్చుని తలకు ఎంత పెట్టగలరో మొహమాటం లేకుండా చెప్పుకోండి. అందరికంటే తక్కువ చెప్పినవారి మొత్తాన్నే హద్దుగా పెట్టుకోవాలి. అలా చేయకపోతే ఆ మిత్రుడు దారి పొడవునా ఇబ్బంది పడుతూనే ఉంటాడు.

మిత్రులలో ఒకరికి సొంత కారు ఉందనుకుని లెక్క వేద్దాం. రానూపోనూ, మధ్యలో తిరగడంతో కలిపి సుమారు 1,400 మైళ్ళు అవుతుంది. గ్యాలన్‌కు 28 మైళ్ళు ఇచ్చే కారుకు 50 గ్యాలన్లు కావాలి. గ్యాలన్ 3 డాలర్లు అనుకుంటే గ్యాస్‌కు (పెట్రోలుకు) 150 డాలర్లు. మోటెల్ గది పన్నులతో సహా రాత్రికి 100 చొప్పున 4 రాత్రులకు 400, తిండికి 120, ప్రవేశ రుసుములకు 84 (80 డాలర్ల పార్కు పాస్, నలుగురి గుహల బుకింగ్‌కు 4) వేసుకుంటే 754 డాలర్లు తేలుతుంది. అనుకోని అవసరాలకు మరో 100 పక్కన పెట్టినా, నలుగురూ సమానంగా పంచుకుంటే తలకు 215 డాలర్లు దాటదు.

2. పార్కు పాస్ విషయం

కార్ల్స్‌బాడ్ గుహలకు మనిషికి 15 డాలర్లు, వైట్ శాండ్స్‌కు కారుకు 25 డాలర్లు. ఈ రెండే చూస్తే నలుగురికి 85 డాలర్లు అవుతుంది. 80 డాలర్ల వార్షిక పాస్ తీసుకుంటే ఈ రెండూ చూడవచ్చు, మిగిలిన ఏడాదంతా ఇతర జాతీయ పార్కులకూ అది పనికివస్తుంది. మనిషికి ఇంత అని వసూలు చేసే చోట పాస్ ఉన్న వ్యక్తితో పాటు మరో ముగ్గురు పెద్దవారికి మాత్రమే ప్రవేశం ఉంటుంది కాబట్టి, ఐదో మిత్రుణ్ణి చేర్చుకునేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి. 2026 నుంచి 80 డాలర్ల ధర అమెరికా నివాసితులకే వర్తిస్తుంది, ఇతరులకు అది 250 డాలర్లు. కనుక రాష్ట్రం ఇచ్చిన డ్రైవింగ్ లైసెన్స్ ఉన్నవారి పేరిటే పాస్ తీసుకోండి.

గుహలలోకి వెళ్ళడానికి సమయం ముందుగా బుక్ చేసుకోవాలి. దానికి రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైటులో మనిషికి 1 డాలర్ వేరుగా కట్టాలి, పాస్ ఉన్నా ఇది తప్పదు.

3. బయలుదేరే రోజు, బస

కార్ల్స్‌బాడ్ చుట్టుపక్కలంతా చమురు బావులే. అక్కడ పనిచేసేవారితో మోటెళ్ళు నిండిపోయి, వారం మధ్య రోజుల్లో అద్దెలు బాగా పెరుగుతాయి. అందువల్ల శనివారం తెల్లవారుజామున డాలస్‌లో బయలుదేరి శని, ఆదివారం రాత్రులు కార్ల్స్‌బాడ్‌లో గడిపి, సోమ, మంగళవారాలకు వైట్ శాండ్స్ దగ్గరి ఊరు అలమొగార్డో చేరుకుని, బుధవారం తిరుగు ప్రయాణం పెట్టుకోవడం మంచిది. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి వచ్చే గదులనే నెల ముందే తీసుకోండి. గదిలో ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్నాయో లేదో తప్పక చూడండి, ఎందుకంటే తిండి ఖర్చు వాటి మీదే ఆధారపడుతుంది.

4. కారు, కాగితాలు

కారు అద్దెకు తీసుకునేటట్లయితే 25 ఏళ్ళలోపు వారికి రోజువారీ అదనపు రుసుము ఉంటుంది కాబట్టి, 25 దాటిన మిత్రుడి పేరిట తీసుకోవడం మేలు. ఒప్పందంలో పేరు లేనివారు నడిపితే ప్రమాదం జరిగినప్పుడు బీమా చెల్లకపోవచ్చు. నడిపే ప్రతి ఒక్కరి పేరూ రాయించండి. డబ్బు మిగుల్చుకోవాలని ఇక్కడ మాత్రం చూడకండి.

ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవారు పాస్‌పోర్టు, యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 పత్రం అసలు ప్రతులను, దేశంలోకి వచ్చినట్లు నమోదైన ఐ-94 ముద్రిత ప్రతిని వెంట తీసుకెళ్ళాలి. 18 ఏళ్ళు నిండిన విదేశీయులు తమ నమోదు పత్రాన్ని ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలని అమెరికా చట్టమే చెబుతోంది. వైట్ శాండ్స్ దాటి యూఎస్ 70 మీద లాస్ క్రూసెస్ వైపు వెళ్ళినా, ఎల్ పాసో మీదుగా ఇంటర్‌స్టేట్ 10 పట్టుకుని తిరిగి వచ్చినా, సరిహద్దు గస్తీ దళం తనిఖీ కేంద్రాలు తగులుతాయి. ఫోన్‌లో ఫొటో ఉంది కదా అని ధీమాగా ఉండకండి.

5. దారిలో

ఇంటర్‌స్టేట్ 20 మీద పడమరగా పేకోస్ వరకు వెళ్ళి, యూఎస్ 285 మీద ఉత్తరానికి తిరిగితే కార్ల్స్‌బాడ్ వస్తుంది. మొత్తం 7, 8 గంటల ప్రయాణం. యూఎస్ 285 మీద చమురు ట్యాంకర్ల రద్దీ విపరీతంగా ఉంటుంది కాబట్టి ఆ భాగాన్ని పగటిపూటే దాటాలి. రెండు గంటలకొకసారి డ్రైవరు మారాలి, పక్క సీటులో కూర్చున్నవారు నిద్రపోకూడదు. మధ్యలో సిగ్నల్ ఉండదు, మ్యాపులు ముందే ఫోన్‌లోకి దించుకోండి.

న్యూ మెక్సికో గడియారం డాలస్ కంటే ఒక గంట వెనక ఉంటుంది, గుహల బుకింగ్ అక్కడి సమయం ప్రకారమే. పైగా మార్చి రెండో ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకు జరుగుతాయి. మీ సెలవు ఆ వారాంతంలోనే మొదలైతే మరింత జాగ్రత్తగా చూసుకోండి.

6. తిండి

మొదటి రోజుకు పులిహోర కలిపి తీసుకెళ్ళండి, చింతపండు పులుపు వల్ల అది సాయంత్రం దాకా నిలుస్తుంది. చిన్న రైస్ కుక్కర్, సోనామసూరి బియ్యం, కందిపొడి, గోంగూర పచ్చడి, చిన్న సీసాలో నెయ్యి ఉంటే చాలు. మోటెల్‌వారు గదిలో కుక్కర్ పెట్టుకోనిస్తారో లేదో ముందే అడగండి. పెరుగు, గుడ్లు, అరటిపళ్ళు ఏ ఊళ్ళోనైనా వాల్‌మార్ట్‌లో దొరుకుతాయి. రోజుకు ఒక్క పూట మాత్రం బయట తినండి. న్యూ మెక్సికో పచ్చిమిరప కూర వేసిన బరీటో మన నాలుకకు బాగా నచ్చుతుంది, దాన్ని వదులుకోవడం పొదుపు అనిపించుకోదు.

7. గుహలు, ఇసుక దిబ్బలు

గుహలోపల ఏడాది పొడవునా 13 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, పల్చని స్వెటర్ కావాలి. మంచినీళ్ళు తప్ప తినుబండారాలేవీ లోపలికి తీసుకెళ్ళకూడదు. సహజ ద్వారం నుంచి మైలుంపావు దారిలో 750 అడుగులు కిందికి నడిచి, పైకి లిఫ్టులో రావడం మంచి పద్ధతి. గబ్బిలాల గుంపులను చూడాలని ఆశపడేవారికి మార్చి సరైన నెల కాదు, అప్పటికి అవి ఇంకా తిరిగి రావు.

కార్ల్స్‌బాడ్ నుంచి ఆర్టీషియా, క్లౌడ్‌క్రాఫ్ట్ మీదుగా యూఎస్ 82 మీద కొండలెక్కి దిగితే అలమొగార్డో, అక్కడికి సుమారు 15 మైళ్ళలో వైట్ శాండ్స్. ఇక్కడి ఇసుక మామూలు ఇసుక కాదు. చుట్టుపక్కల కొండల నుంచి వాన నీటిలో కరిగి వచ్చిన జిప్సం గడ్డకట్టి, గాలికి పొడిపొడి అయి దిబ్బలుగా పేరుకుంది. ఎండలో కూడా అది కాలదు, చెప్పులు విడిచి హాయిగా నడవవచ్చు. ప్లాస్టిక్ స్లెడ్ ఒకటి డాలస్‌లోనే కొనుక్కుని నలుగురూ వంతులవారీగా జారండి. కింద మొక్కలు, రోడ్డు లేని వాలునే ఎంచుకోవాలి.

పక్కనే క్షిపణి ప్రయోగ క్షేత్రం ఉన్నందున పరీక్షలు జరిగేటప్పుడు యూఎస్ 70 రోడ్డును, పార్కును కొన్ని గంటలు మూసివేస్తారు. ముందురోజు రాత్రి పార్కు వెబ్‌సైటు చూసుకోవాలి. నీళ్ళు విజిటర్ సెంటర్‌లో తప్ప లోపల ఎక్కడా దొరకవు, మనిషికి రోజుకు ఒక గ్యాలన్ చొప్పున మోసుకెళ్ళండి. మార్చి గాలులకు అడుగుజాడలు కొద్దిసేపట్లోనే చెరిగిపోతాయి. సగం నీళ్ళు అయిపోగానే, ఎంత దూరం వచ్చినా సరే, కారు వైపు మళ్ళాలి.

8. లెక్కలు తేల్చుకోవడం

ఎవరు ఏది కట్టినా అప్పటికప్పుడు ఖర్చులు పంచుకునే యాప్ స్ప్లిట్‌వైజ్‌లో రాయండి. కారు ఇచ్చిన మిత్రుడికి గ్యాస్ వాటా మినహాయించడం న్యాయం, ఎందుకంటే టైర్లు, ఇంజన్ ఆయిల్ అరిగేది అతనికే. డాలస్‌లో దిగిన రోజే బాకీలు తీర్చేసి, కారులో చేరిన తెల్ల ఇసుకను నలుగురూ కలిసి వాక్యూమ్ చేయించి తాళాలు అప్పగించండి.